బాతు పడవలో చెప్పిన మాట

పోయిన వారం మనం వదినను హోటల్ మెట్ల మలుపులో వదిలి వచ్చాం. ఆదివారం సరస్సుకు వెళ్దామని మిగతా ముగ్గురూ కింద ఎదురుచూస్తున్నారు. ఆమె చేతిలో ఫోన్, ఫోన్‌లో ముందురోజు తీసిన ఫోటో. కొండ మీది రోప్‌వే డబ్బాలో నిలబడి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఆడమనిషి. ఎవరీవిడ, ఇంత సంతోషంగా ఉంది అనుకుంది వదిన. తీరా చూస్తే అది తనే.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వదిన భర్త బాయిలర్ ఫిట్టర్. ఎనిమిది నెలల కిందట, సొంత ఊరి ఫ్యాక్టరీలోనే, బాయిలర్ లోపల ఉండగా ఆవిరి వచ్చి మీద పడి చనిపోయాడు. విచారణ జరిగింది. వాల్వ్‌కు తన ట్యాగ్ కట్టకుండా లోపలికి దిగాడనీ, తప్పు అతనిదేననీ కాగితం వచ్చింది. అదే కంపెనీలో వదిన వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. అతుకులకు తీసిన ఎక్స్‌రే ఫిల్మును వెలుతురు ముందు పెట్టి, వెంట్రుకంత పగులున్నా పట్టేస్తుంది. పరాయి దేశంలో ఒక కొత్త బాయిలర్ బిగించి, నడిపించి అప్పగించే పని మీద మూడు వారాలకు పంపారు. తోడు వచ్చిన ముగ్గురూ ఆమె భర్తతో పనిచేసినవాళ్ళే. అతణ్ణి అన్న అని పిలిచేవాళ్ళు గనక ఆమె వదిన అయింది. అన్న పోయినా వదిన మిగిలింది.

ముగ్గురిలో పెద్ద, సైటు బాధ్యత చూసే సారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. రెండోవాడు బాబాయ్. వెల్డర్. వదిన భర్తకు పని నేర్పింది ఆయనే. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు కూడా ఎదురుగా ఉన్న వస్తువుతో మాట్లాడుతున్నట్టుంటాడు. మూడోవాడు రేడియో. ముప్పై ఏళ్ళుంటాయి. నోట్లో నువ్వుగింజ నానదు. ఒకప్పుడు వదిన భర్త కింద హెల్పరు, ఇప్పుడు అతని స్థానంలో ఫిట్టరు.

వచ్చి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజులూ ఆ ముగ్గురు ఆమెను ఒంటరిగా భోంచెయ్యనిచ్చింది లేదు. పొద్దున్నే హోటల్ భోజనాల గదిలో రేడియో ముందే వెళ్ళి కిటికీ పక్క బల్ల పట్టేవాడు. బాయిలర్ బిగిస్తున్న ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం పొడవాటి క్యూలో నిలబడి ఆమె ట్రే కూడా తనే మోసుకొచ్చేవాడు. పని అయ్యాక రోజుకొక చోట తిండి. ఒకసారి కర్రపుల్లలతో తినబోయి సారు మాంసం ముక్కను పక్క బల్ల మీదికి ఎగరేశాడు. పక్క బల్ల ఆయన లేచి నిలబడి, దాన్ని గౌరవంగా రుమాలులో పెట్టి తిరిగి ఇచ్చాడు. రేడియో వారం రోజులు ఆ కథే చెప్పి నవ్వించాడు. వదిన కూడా నవ్వింది. నవ్వాల్సిన చోట నవ్వడం, బాగుంది అనాల్సిన చోట బాగుంది అనడం ఆమెకు అలవాటైపోయింది. పంటి నొప్పికి ఇంజెక్షన్ చేస్తే పెదవి ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు చూడండి, ఎనిమిది నెలలుగా ఆమెకు ఒళ్ళంతా అలాగే ఉంది. చారు వేడిగా ఉందని నాలుక కాలాక తెలిసేది. నాలుక కాలిందని మర్నాడు తెలిసేది.

రేడియో తీసిన ఫోటోలన్నీ ఆఫీసు గ్రూపులో పెట్టేవాడు. వాటిని ఎవరో పంపితే చూసి, కూతుర్ని తన దగ్గర ఉంచుకున్న అక్క ఫోన్ చేసింది.

"పోనీలేవే, మొహంలో కాస్త కళ వచ్చింది. తిరుగు, తిను. ఇక్కడ నీ కూతురు బంగారంలా ఉంది."

"ఊఁ" అంది వదిన.

ఆ ఆదివారం సరస్సు చాలా అందంగా ఉందని మిగతావాళ్ళు అన్నారు. బస్సు దిగగానే నీళ్ళు, నీళ్ళ మీద ఎండ, ఒడ్డున పిల్లల కేకలు. పడవలిచ్చే చోట అన్నీ బాతు ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ పడవలే. ఇద్దరేసి కూర్చుని, సైకిల్‌లా పెడల్ తొక్కాలి.

"బాతులో కూర్చోవడానికా నేనింత చదువుకుంది!" అన్నాడు సారు. "మీరు తిరిగి రండి. నేనూ బాబాయ్ ఆ పక్క హోటల్లో భోజనం చెప్పి ఉంచుతాం."

అలా వదిన, రేడియో బాతు ఎక్కారు. నారింజ రంగు లైఫ్ జాకెట్లు కట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఇద్దరూ తొక్కడం మొదలుపెట్టారు. బాతు మెడ ఒకటి ముందు అడ్డంగా నిలబడి ఉంది. దాని పక్కనుంచి తొంగిచూస్తే తప్ప దారి కనబడదు.

సరస్సు మధ్యకు వచ్చారు. రేడియో అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

"ఏమిటి, బ్యాటరీ అయిపోయిందా?" అంది వదిన.

అతను నవ్వలేదు. "వదినా, రేపు డ్రమ్ములోకి దిగేది నేనే."

రేపు ఆవిరి ఎక్కించే రోజు. అంతకుముందు ఒక మనిషి బాయిలర్ పైభాగాన ఉండే పెద్ద డ్రమ్ములోకి దిగి, లోపల ఏమీ మిగిలిపోలేదని చూసి రావాలి.

"తెలుసు. జాబితాలో చూశాను."

"భయంగా ఉంది. వారం నుంచి నిద్ర లేదు."

"ట్యాగ్ కట్టి దిగు. మీ అన్నలా దిగకు" అంది వదిన. గొంతులో కోపం లేదు, బాధ లేదు. గొడుగు తీసుకెళ్ళు, వాన పడేలా ఉంది అన్నట్టు అంది.

రేడియో కాళ్ళు ఆగిపోయాయి. "అన్న కట్టాడు వదినా."

ఒక్క పక్కే తొక్కుతుంటే బాతు గిరగిరా తిరుగుతోంది. వదిన తొక్కుతూనే ఉంది. ఒక చుట్టు తిరిగాక ఒడ్డు కనబడింది, కొండ కనబడింది, మళ్ళీ ఒడ్డు కనబడింది.

"ఏమన్నావ్?"

"అన్న ట్యాగ్ కట్టాడు. నా కళ్ళముందే. చేతికి తొడుగు ఉండి ముడి సరిగా పడలేదు. తొడుగు పళ్ళతో లాగి తీసేసి మళ్ళీ కట్టాడు. నేను నవ్వాను. నవ్వకురా, ఈ ముడే నన్ను సాయంత్రం ఇంటికి పంపేది అన్నాడు."

బాయిలర్ పని తెలియనివాళ్ళ కోసం ఇక్కడొక మాట చెప్పాలి. మనిషి లోపలికి దిగే ముందు, ఆవిరి వచ్చే వాల్వ్‌కు తన పేరు రాసిన ఎర్ర ట్యాగ్‌ను తన చేత్తో కట్టాలి. బయటికి వచ్చాక తనే విప్పుకోవాలి. అది వేలాడుతున్నంతసేపూ ఆ వాల్వ్‌ను ముట్టుకోవడానికి ఎంతటివాడికీ హక్కు లేదు. ఆ చిన్న రేకు ముక్క మనిషి ప్రాణంతో సమానం.

"మరి విచారణలో నిన్ను అడిగారుగా?"

"చూడలేదన్నాను."

"ఎందుకు?"

"ఆ రోజు అరుపులు వినబడి పైనుంచి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాను. అప్పటికే ఆ ట్యాగ్ సారు చేతిలో ఉంది. జేబులో పెట్టుకుంటూ నన్ను చూశారు. సాయంత్రం పిలిచి, నువ్వేం చూశావురా అన్నారు. ఏమీ చూడలేదు సార్ అని నోట్లోంచి వచ్చేసింది. అదే చెప్పు అన్నారు. అంతే వదినా. అప్పట్నుంచి ఆ ఒక్క మాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడుతున్నాను."

వదిన నీళ్ళకేసి చూసింది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. గుండె రాయి చేసుకుంది పాపం అన్నారు చుట్టాలు. నిజానికి ఆమెకు మొగుడి మీద కోపం. నాకు రోజూ పాఠాలు చెప్పేవాడివి, గ్యాస్ కట్టావా, తలుపు గడియ వేశావా అని వెంటపడేవాడివి, నీ మటుకు నువ్వు ఒక్క ట్యాగ్ కట్టుకోలేకపోయావా అని. ఆ కోపం ఆనకట్టలా అడ్డం పడి ఉంది. ఇప్పుడది ఒక్కసారిగా లేకుండా పోయింది. దాని వెనక నుంచి ఏదో వరదలా వస్తుందని ఎదురుచూసింది. ఏమీ రాలేదు. బాతు తోకకు నీళ్ళు తగులుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

ఒడ్డున పడవలవాడు ఈల వేసి చెయ్యి ఊపాడు. టైమైపోయింది.

"తొక్కు" అంది వదిన.

"వదినా, నన్ను..."

"ముందు తొక్కు. ఒక్కదాన్నే తొక్కితే ఇది కదలదు."

భోజనాల చోటు సరస్సు మీదికి తెరుచుకుని ఉన్న పొడవాటి వరండా. సారు, బాబాయ్ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. అన్నం, చారు, పెద్ద పళ్ళెంలో ఒక కాల్చిన చేప. బాబాయ్ ఆ చేప ముళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతూ, శుభ్రం చేసిన ముక్కలను వదిన పళ్ళెంలో సర్దుతున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ చేప దొరికిన ప్రతిచోటా ఆయన చేసే పని అదే.

"రండమ్మా, చల్లారిపోతోంది" అన్నాడు సారు. "బాతు ఏమంటుంది? ఏరా, ఫోటో తియ్యవేం?"

రేడియో ఫోన్ తియ్యలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

వదిన చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నాలుగు ముద్దలు తింది. మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"సార్, ఆ ట్యాగ్ ఎక్కడ పెట్టారు?"

"రేపటివా? స్టోర్ బీరువాలో ఉన్నాయమ్మా."

"రేపటివి కాదు. మా ఆయనది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సారు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. వెంటనే దించేశాడు. రేడియో వైపు ఒక చూపు చూశాడు. రేడియో తల ఎత్తలేదు.

"ఇక్కడొద్దమ్మా. హోటల్‌కు వెళ్ళాక మాట్లాడుకుందాం. చుట్టూ జనం ఉన్నారు."

"వాళ్ళకు మన భాష రాదు సార్."

నిజమే. పక్క బల్ల దగ్గరున్న కుటుంబానికి, ఈమె ఉప్పు అందించమని అడుగుతున్నట్టే ఉంటుంది. గొంతు అంత నిదానంగా ఉంది.

సారు నోట్లోని లవంగాన్ని తీసి రుమాలులో పెట్టాడు.

"తప్పే. కాదనను. ఆ రోజు అతను వెళ్ళిపోయాడు. ఎవరేం చేసినా తిరిగి రాడు. ఉన్నవాళ్ళ బతుకులు కూడా ఎందుకు కూలిపోవాలి అనిపించింది. పోయినవాడి మీద పెడితే ఎవరికీ ఏ నష్టమూ ఉండదు అనుకున్నాను."

"నేను ఉన్నాను కదా సార్."

సారు తన పళ్ళేన్ని పక్కకు జరిపాడు.

"మా అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తారు, నా కొడుకు తొందరపాటు మనిషి, వాడి ప్రాణం వాడే తీసుకున్నాడు అని. మా అమ్మాయి క్లాసులో టీచరు జాగ్రత్తల గురించి చెప్తూ, పేరు చెప్పకుండా మా ఆయన కథే చెప్పిందట. అది బల్ల మీద తల వాల్చేసుకుని కూర్చుందట. ఇక నేను..." వదిన ఆగింది. "నేను ఆయన్ని తిట్టుకోకుండా నిద్రపోయిన రోజు లేదు. పోయినవాడికి నష్టం లేదంటారా?"

వరండా అవతల పడవలవాడు మళ్ళీ ఈల వేశాడు. ఎవరో పిల్లవాడు గట్టిగా నవ్వాడు.

"క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు" అన్నాడు సారు.

"నేను క్షమించడం గురించి అడగడంలేదు సార్. లోపల మనిషి ఉండగా ట్యాగ్ ఎందుకు విప్పారు?"

సారు నోరు తెరిచాడు. ఆయన చూపు బల్ల అవతలికి పోయి, అక్కడ ఒక్క క్షణం నిలిచి, వెనక్కి వచ్చింది.

"నేను విప్పలేదమ్మా."

"మరి?"

"నన్నడక్కండి."

"నేను విప్పాను తల్లీ."

అన్నది బాబాయ్. చేప ముల్లు ఇంకా ఆయన వేళ్ళ మధ్యనే ఉంది. దానికేసి చూస్తూ అన్నాడు.

"నువ్వూరుకో" అన్నాడు సారు.

"ఎనిమిది నెలలు ఊరుకున్నాను సార్. ఇంక నావల్ల కాదు." ముల్లును పళ్ళెం అంచున పెట్టాడు. "ఎవడి ట్యాగ్ వాడే విప్పుకోవాలి, దేవుడు దిగివచ్చి అడిగినా ఇంకొకడు ముట్టుకోకూడదు అని వాడికి నేర్పిందే నేను. నేనే ముట్టుకున్నాను. విప్పి తెచ్చి సారు చేతిలో పెట్టి, పైన ఎవరూ లేరు, ఆవిరి వదలొచ్చు అన్నాను. సారు నా మాట నమ్మారు. పైకెళ్ళి చూసి రావాలి, చూడలేదు. ఆయన తప్పు అంతవరకే. తర్వాత అంతా దాచింది నాకోసమే."

రేడియో లేచి నిలబడ్డాడు. అతని కుర్చీ వెనక్కి పడింది. ఈ సంగతి అతనికీ తెలియదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

వదిన తన పళ్ళెంలోకి చూసింది. ఒక్క ముల్లు లేకుండా ఏరి పెట్టిన తెల్లటి ముక్కలు. తమ పెళ్ళికి ఈయనే పెద్దరికం వహించాడు. పాప పుట్టినప్పుడు ఆసుపత్రి గుమ్మంలో రాత్రంతా నిలబడ్డాడు. ఈ చేతులే ఆ ట్యాగ్ విప్పాయి. మనసులో ఆ మాట రెండుసార్లు అనుకుని చూసింది. మొద్దుబారిన పెదవిని వేలితో నొక్కి చూసుకున్నట్టే ఉంది. తగిలింది అని తెలుస్తోంది, నొప్పి లేదు.

"ఎందుకు విప్పారు బాబాయ్?"

"వాడే విప్పమన్నాడు."

"ఎవరు?"

"మీ ఆయనే తల్లీ."

బాబాయ్ తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. మూలలు అరిగిపోయిన పాత ఫోన్. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో చాలాసేపు కిందికి జరిపి, ఒక చోట ఆగాడు.

"ఆ రోజు వాడు పంపిన మాట ఇది. రాసేంత తీరిక లేక నోటితో చెప్పి పంపాడు. వింటావా? వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

"పెట్టండి."

ముందు యంత్రాల హోరు. తర్వాత దగ్గు. ఆ తర్వాత మాట.

"బాబాయ్, నేను బయటికొచ్చేశాను. కిందికి దిగాలంటే లేటవుతుంది, ఇక్కడ ఇంకా సామాన్లు సర్దాలి. నా ట్యాగ్ విప్పేసి సారుకు చెప్పెయ్."

కాస్త జలుబు చేసిన గొంతు. ఆ వారం ఆయనకు జలుబు చేసిందని వదిన పూర్తిగా మర్చిపోయింది. పొద్దున్నే ఆవిరి పట్టుకోమంటే, రోజంతా ఆవిరితోనే కదా నా కాపురం అని నవ్వి వెళ్ళిపోయాడు. బల్ల అంచు పట్టుకున్న ఆమె వేళ్ళు వాటంతటవే బిగిశాయి. తానేమీ బిగించలేదు.

బాబాయ్ బొటనవేలు పెట్టి ఆపేశాడు.

"ఇంకా ఉంది తల్లీ. చెప్పడం అయిపోయినా వాడు బటన్ మీంచి వేలు వెంటనే తియ్యలేదు, తీసినప్పుడే ఇది నాకు వచ్చింది. ఆ రోజు నేను ఈ ముక్క వినగానే జేబులో పెట్టేసుకుని వాల్వ్ దగ్గరికి వెళ్ళిపోయాను. చివరిదాకా విన్నది నెల తర్వాత, వాడి గొంతు మళ్ళీ వినాలనిపించి. బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి ఎందుకు దిగాడో అందులో ఉంది. ఈ సంగతి సారుకు కూడా తెలియదు."

"ఇంకా ఉందా?" అన్నాడు సారు. ఆయన మొహంలో రంగు మారింది.

"ఎవరికీ చెప్పలేదు. నా తప్పు ఒప్పుకోకుండా ఇంకొకరి సంగతి బయటపెట్టే అర్హత నాకెక్కడిది?" బాబాయ్ ఫోన్‌ను రెండు చేతులతో ఆమె ముందుకు జరిపాడు. "ఇది నువ్వొక్కదానివే విను. చెవి దగ్గర పెట్టుకో."

వదిన ఫోన్ తీసుకుంది. చెవికి ఆనించుకుని వేలితో నొక్కింది.

మళ్ళీ హోరు. ఏదో ఇనుప సామాను పెట్టెలో వేసిన చప్పుడు. తర్వాత, గుహలోంచి వచ్చినట్టు, డ్రమ్ము లోపలి నుంచి ఒక పిలుపు.

"అన్నా! ఇంకో నట్టు ఉండిపోయింది. నాకు ఊడటంలేదు, ఒక్కసారి రావా?"

దగ్గరగా, జలుబు గొంతు, ఉలిక్కిపడి.

"ఒరేయ్! నువ్వింకా లోపలే ఉన్నావా? నీ ట్యాగేదిరా? అసలు కట్టావా లేదా? ఉండు, కదలకు, వస్తున్నా..."

ఇనప నిచ్చెన మీద అడుగుల చప్పుడు. ఒకటి, రెండు, మూడు. ఇంక ఏమీ లేదు.

వదిన ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి వెంటనే తియ్యలేదు. మొగుడు రెండోసారి లోపలికి దిగింది ఎవరికోసమో తెలిసింది. ట్యాగ్ కట్టకుండా దిగినవాడు ఎవడో తెలిసింది. విచారణ కాగితంలో ఉన్న తప్పు నిజమే, దాని మీద పేరు మాత్రం వేరొకరిది. ఆ ఆవిరిలోంచి ఇద్దరూ ఎందుకు రాలేదు, ఒక్కడే ఎలా బయటపడ్డాడు?

ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఆమెకు చలేసింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మోకాళ్ళ మీద పడుతుండగానే.

రేడియో వంగి, పడిపోయిన కుర్చీని నిలబెడుతున్నాడు. నిలబెట్టి తల ఎత్తేసరికి వదిన తననే చూస్తోంది. ఆ ఫోన్‌లో ఏముందో అతను వినలేదు. వినాల్సిన అవసరం కూడా లేకపోయింది. అతను కుర్చీ వీపు వదలకుండా అలాగే నిలబడ్డాడు.

"కూర్చో" అంది వదిన. "ఇలా వచ్చి నా పక్కన కూర్చో. నువ్వు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చావన్నావు కదా. అంతకుముందు పైన ఏం జరిగిందో, అది చెప్పు."